అసిరమ్మ ఎక్కిన గట్టు

అనగా అనగా, తెప్పకి ఇంకా ఇనుప మేకు తెలియని రోజులు. నాలుగు దుంగల్ని కొబ్బరితాడుతో బిగించి కట్టి, ఒకసారి అమ్మవారినీ ఒకసారి పెళ్ళాన్నీ తల్చుకుని సముద్రం మీదికి పోయే రోజులు. ఆ రోజుల్లో గవ్వలపేట అని ఓ ఊరు. మా ఊరే. అప్పటికి నేను లేను, మా తాత లేడు, మా తాతకి ఈ కథ చెప్పిన ముసలమ్మ కూడా లేదు. అయినా నిన్న జరిగినట్టే చెప్తాను, వినండి.

కథకి ముందు ఒక మాట. మీరంతా గట్టెక్కడం అంటుంటారు. జ్వరం తగ్గితే గట్టెక్కాడంటారు. పిల్ల పరీక్ష పాసైతే గట్టెక్కిందంటారు. మగపెళ్ళివారు అలగకుండా భోంచేసి బండెక్కితే, గట్టెక్కాం బాబూ అని ఊపిరి పీల్చుకుంటారు. ఏ గట్టు నాయనా, ఎక్కిందెవరు అని అడిగితే మాత్రం ఒక్కడికీ నోరు పెగలదు. చదువుకున్నవాళ్ళు ఏరు దాటి అవతలి గట్టు ఎక్కడం అని చెప్తారు. చెప్పుకోనివ్వండి. వాళ్ళ ఏరు వాళ్ళది, మా సముద్రం మాది.

సముద్రం మీద బతికేవాడికి నేల మూడు రకాలు. మొదటిది దరి. అది కంటికి కనపడేది. రెండోది ఒడ్డు. అది కాలికి తగిలేది. మూడోది గట్టు. మా పేటలో ఒడ్డు దాటాక ఇసుక మేట వేసి, ఇంటి చూరంత ఎత్తున పొడుగ్గా ఓ గట్టు ఉంది. కెరటం ఎంత ఎగిరినా దాన్ని దాటదు. గట్టుకి అటు సముద్రం, ఇటు మా ఇళ్ళు.

మనిషి పోయేది ఎక్కడనుకున్నారు? నడి సముద్రంలో అనుకుంటారు. కాదు. దరికీ ఒడ్డుకీ మధ్య, కెరటాలు విరిగే చోట పోతాడు. అక్కడ సముద్రానికి ఓ పద్ధతుంది. ఒకటి పెద్దది. రెండోది ఇంకా పెద్దది. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఆ తర్వాత సముద్రం ఊపిరి పీలుస్తుంది. అది పీల్చే కాసేపట్లోనే తెప్ప ఒడ్డుకి వచ్చెయ్యాలి.

ఇప్పుడు నేను తేలిగ్గా చెప్పేశాను గానీ, అప్పట్లో గవ్వలపేటలో ఒక్క మగాడికీ ఈ సంగతి తెలీదు. దరి కనపడితే చాలు, తెడ్లు పైకెత్తి, తెప్ప మీద లేచి నిలబడి, "వచ్చీసినాం" అని కేక పెట్టేవాళ్ళు. ఆ కేక వినగానే ఆడవాళ్ళు గంపలు పట్టుకుని నీళ్ళలోకి పరిగెత్తేవాళ్ళు. పదిసార్లలో తొమ్మిదిసార్లు బాగానే ఉండేది. పదోసారి తెప్ప తిరగబడేది.

అసిరమ్మ మొగుడు దానయ్య కూడా అలాగే తెప్ప మీద లేచి నిలబడ్డాడు. అసిరమ్మ నడుంలోతు నీళ్ళలో గంపతో నిలబడి చూస్తోంది. అతని నవ్వు కూడా కనపడేంత దగ్గర. వచ్చీసినాం అన్నాడు. రాలేదు. మూడో రోజున ఒడ్డున పడ్డాడు. ఏదో కష్టం తీరితే మీరు ఒడ్డున పడ్డాం అని సంతోషంగా అంటారే, ఆ మాట మా పేటలో ఎవరూ అనరు. ఎవరైనా చుట్టాలు అంటే ముసలివాళ్ళు మాట మార్చేస్తారు.

అప్పట్లో ఊరికి ఓ కట్టుబాటుండేది. మొగుడు పోయిన ఆడది తెప్పలకి ఎదురు రాకూడదు. పోయేటప్పుడు రాకూడదు, వచ్చేటప్పుడు రాకూడదు. తెప్పలు వచ్చే వేళకి గట్టు వెనక్కి పోయి, సముద్రానికి వీపు పెట్టి కూర్చోవాలి. అది కులపెద్ద తవిటయ్య చెప్పిన మాట. అంతకుముందు వాళ్ళ నాన్న చెప్పిన మాట. ఎందుకని అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు.

అసిరమ్మ కూర్చుంది. చేపలు ఎండబెట్టుకుంటూ కూర్చుంది. చినిగిన వలలు బాగుచేస్తూ కూర్చుంది. ఒక్కోరోజు ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చుంది. ఒళ్ళో ఉన్న కూతురు నూకాలు పెరిగి పెద్దదై మరిడయ్యని పెళ్ళాడింది. అల్లుడు మంచివాడే, కాస్త గొంతు ఎక్కువ. అతను తెప్ప మీంచి వచ్చీసినాం అని అరిస్తే పక్క పేటలో కుక్కలు లేచేవి.

సముద్రాన్ని చూడొద్దన్నారు గానీ వినొద్దని ఎవరూ అనలేదు. అసిరమ్మ వింది. మొదట ఏడుస్తూ వింది, తర్వాత కోపంగా వింది, ఆ తర్వాత ఊరికే వింది. ఊరికే విన్నప్పుడే అసలు సంగతి చెవిన పడింది. ఒకటి పెద్దది. రెండోది ఇంకా పెద్దది. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఆ తర్వాత సముద్రం ఊపిరి పీలుస్తుంది. ఏళ్ళ తరబడి లెక్కపెట్టింది. ఒక్కసారి కూడా తప్పలేదు. తన దానయ్య రెండోదానికీ మూడోదానికీ మధ్య లేచి నిలబడ్డాడని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఇంకాస్త ఆగి ఉంటే ఇంటికొచ్చి అన్నం తినేవాడు.

ముందు ఆడవాళ్ళకి చెప్పింది. "మూడోది పోయిందాకా ఆగమని మీ మొగోళ్ళకి సెప్పండే" అంది. వాళ్ళు ముఖాలు చూసుకుని, పాపం దానయ్య పోయిన దగ్గర్నించీ దీనికి మతి నిలకడగా లేదనుకున్నారు.

తర్వాత అల్లుడికి చెప్పింది. "ఎలగత్తా?" అని నవ్వాడు మరిడయ్య. "సంద్రం మీద పుట్టినోణ్ణి నాను. గట్టెనకాల కూకున్న నువ్వు నాకు సెప్తావేటి?" అన్నాడు. చెడ్డగా అనలేదు. అలా అనడం వాడికి అలవాటు.

ఆఖరికి తవిటయ్య దగ్గరికే వెళ్ళింది. ఆయన చుట్ట ఆర్పకుండా విన్నాడు. "అసిరీ, బొట్టు నేని మనిసి మాట తెప్ప మీదికి రాకూడదు. ఇంటికెల్లు" అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

ఆశ్వయుజ మాసంలో ఓ రోజు. ఎండ కాస్తోంది, ఆకు కదలడం లేదు. ఎక్కడో కంటికందనంత దూరాన గాలివాన కొట్టిందేమో, ఉదయం నించీ సముద్రం ఒళ్ళు బరువుగా ఉంది. పొద్దు వాలే వేళకి మూడు తెప్పలు దరికొచ్చాయి. మొదటి తెప్ప మీద మరిడయ్య ఉన్నాడు. ఒడ్డున ఆడవాళ్ళు, వాళ్ళ ముందు నూకాలు. గట్టు వెనక ఆవేళ అసిరమ్మ ఒక్కతే, ఒళ్ళో వలముక్క.

ఉన్నట్టుండి సముద్రం చప్పుడు ఆగింది. ఒడ్డు మీదవాళ్ళు, అమ్మయ్య నెమ్మదించింది అనుకున్నారు. తెప్పల మీదవాళ్ళు, ఇదే సమయం అనుకుని తెడ్లు జోరుగా వేశారు. అసిరమ్మకి మాత్రం అది ఊపిరి పీల్చే చప్పుడు కాదని తెలిసిపోయింది. అది లేవబోయే ముందు ఆగడం. ఇంతలో అల్లుడి గొంతు గట్టు దాటి వినపడింది. "వచ్చీసినాం."

అసిరమ్మ తన పక్కకి చూసుకుంది. పక్కన ఇసుక ఖాళీగా ఉంది. ఇంకో ఆడమనిషి కూర్చోడానికి సరిపోయేంత ఖాళీ. రేపట్నించి అక్కడ కూర్చోబోయేది ఎవరో ఆమెకి కళ్ళకి కట్టింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. సముద్రానికి వీపు పెట్టి, తన పక్కన, బతికున్నన్నాళ్ళూ.

గట్టెక్కితే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. తెప్పలు క్షేమంగా వచ్చినా కట్టుబాటు తప్పినందుకు ఊళ్ళోంచి పంపేస్తారు. రాకపోతే, నీ ముఖం చూశాకే పోయారని రాళ్ళతో కొడతారు. ఆమె వలముక్క పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. గట్టెక్కింది.

ఎక్కి, రెండు చేతులూ చాపి నిలబడింది. తెల్లబారిన చీర, బోసి నుదురు.

ఇప్పుడు చెప్పబోయేది విని నవ్వకండి. తెప్పల మీదవాళ్ళు ఆమె చెప్పేది అర్థమై ఆగలేదు. ఆమె నోట్లోంచి మాటే రాలేదు. అంత దూరానికి వచ్చినా వినపడదు. వాళ్ళు భయంతో ఆగారు. ఎదురుగా గట్టు మీద మొగుడు పోయిన మనిషి కనపడేసరికి మరిడయ్య గబుక్కున కూర్చున్నాడు. "ఒలమ్మా, అపశకునం, తెడ్లెనక్కెయ్యండి" అని అరిచాడు. మూడు తెప్పలవాళ్ళూ కూలబడి, తెడ్లు వెనక్కి వేశారు. వాళ్ళ మూఢనమ్మకమే ఆవేళ వాళ్ళని కాపాడింది. సముద్రానికి అలాంటి వేళాకోళాలు అలవాటే.

ఒడ్డున తవిటయ్య కర్ర ఎత్తి, "దిగే, దిగు" అంటున్నాడు. ఆమె దిగలేదు. ఒకటి పెద్దది వచ్చింది. రెండోది ఇంకా పెద్దది వచ్చింది. మూడోది అన్నిటికన్నా పెద్దది వచ్చింది. మూడు కెరటాలూ తెప్పల్ని కిందినించి ఎత్తి దింపి, ముందుకి పోయి విరిగాయి. ఎక్కడ విరిగాయనుకున్నారు? తెడ్లు వెనక్కి వెయ్యకపోతే తెప్పలు ఉండాల్సిన చోట. తెల్లటి నురగ తాటిచెట్టంత లేచింది. ఒడ్డు మీద ఆడవాళ్ళు గంపలు వదిలేసి వెనక్కి పరిగెత్తారు.

ఆ తర్వాత సముద్రం ఊపిరి పీల్చింది. తను కనపడుతున్నంతసేపూ వాళ్ళు రారని అసిరమ్మకి తెలుసు. చేతులు దించి, గట్టు దిగి, మళ్ళీ వెనక్కి పోయి కూర్చుంది. తెప్పలు నెమ్మదిగా ఒడ్డుకొచ్చాయి.

ఆడవాళ్ళు ఒకటే అడగడం, ఎలా బతికార్రా అని. మరిడయ్య గట్టు వైపు చూశాడు. అంత గొంతున్నవాడు మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు. మూడే ముక్కలు అన్నాడు. "మా అత్త గట్టెక్కినాది."

అదీ సంగతి. ఆ మాట అక్కడ పుట్టింది. తర్వాత ఎవరు ఎవర్ని అడిగినా అదే జవాబు. మీ ఆయన ఎలా వచ్చాడు? అసిరమ్మ గట్టెక్కింది. నీ తమ్ముడు? అసిరమ్మ గట్టెక్కింది.

తవిటయ్య అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? ఆ పొద్దు గూకకముందే ఒడ్డు మీద ఊరిని కూర్చోబెట్టాడు. "అది కనపడ్డాది గనకే ఆ కెరటాలు లెగిసినాయి. కనపడకపోతే సంద్రం పడుకునుండేది" అన్నాడు. కొందరు నిజమే అన్నట్టు తలూపారు. మరిడయ్య లేచి, "నానూ ఆవిణ్ణి సూసి బయపడే ఆగినాను పెద్దాయనా. బయపడ్డందుకు సిగ్గునేదు. ఆవిడ్ని పంపీత్తే నా పెళ్ళాన్ని తీసుకుని నానూ ఎలిపోతాను" అన్నాడు. నూకాలు తల్లి పక్కకి వెళ్ళి కూర్చుంది.

అసిరమ్మ నోరు తెరిచింది. "మావా, నన్ను పంపాలంటే పంపు. పంపే ముందు ఒక్కసారి నాతో గట్టు దగ్గరికి రా" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వెళ్ళారు. ఆమె గట్టు వెనక, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. తవిటయ్య గట్టు మీద నిలబడ్డాడు. ఆమె చెప్పడం మొదలెట్టింది. "ఇదిగో, ఒకటి. రెండు. మూడు. ఇప్పుడు పీలుస్తాది." ఆయన చూశాడు. సముద్రం పీల్చింది. ఏదో కాకతాళీయం అనుకున్నాడు. కాసేపటికి మళ్ళీ, "ఒకటి. రెండు. మూడు. ఇప్పుడు పీలుస్తాది." పీల్చింది. మూడోసారీ అంతే. చూడకూడని మనిషి చెప్తోంది, చూస్తున్న మనిషికి తెలీదు.

తవిటయ్య చాలాసేపు సముద్రం వంకే చూశాడు. అతని తండ్రి కూడా ఆ నీళ్ళలోనే పోయాడు, దరికీ ఒడ్డుకీ మధ్య. ఆయన్ని తల్చుకున్నాడో ఏమో. తప్పయిందని మాత్రం ఆ నోటితో అనలేదు. గట్టు దిగి, ఆమె ముందు నిలబడి, "పైన ఎండెక్కువ. రేపట్నించి తాటాకు గొడుగట్టుకెల్లు" అన్నాడు. అనేసి ఇంటికి పోయాడు. అసిరమ్మ అక్కడే కూర్చుని కడుపారా ఏడ్చింది.

ఆనాటి నించీ తెప్పలు వచ్చే వేళకి అసిరమ్మ గట్టు మీద ఉండేది. పద్ధతి ఒకటే. ఆమె నిలబడితే తెప్పలు ఆగాలి. ఆమె కూర్చుంటే రావాలి. కేకలు లేవు, జెండాలు లేవు. లెక్క అందరూ విన్నారు గానీ, ఏది ఒకటో పట్టే చెవి ఆమెదొక్కటే. ఆ ఏళ్ళల్లో గవ్వలపేటలో ఒక్క ఆడది కూడా సముద్రం వల్ల బొట్టు చెరుపుకోలేదు. పొద్దువాలే వేళ గట్టు మీద ఆ తాటాకు గొడుగు, దాని కింద ఆ చిన్న మనిషి. అది కనపడితే మగాళ్ళకి ఇల్లు కనపడినట్టే ఉండేదట. మా తాత ఈ ముక్క చెప్పేటప్పుడు లేచి గట్టు వైపు చూసేవాడు. తను చూడని మనిషి కోసం ఎందుకు చూసేవాడో నాకు చిన్నప్పుడు తెలిసేది కాదు.

ఎంత గట్టి మనిషైనా ముసలితనం రాక మానదు. అసిరమ్మకి జుట్టు నెరిసింది, నడుం వంగింది. ఓ వర్షాకాలం జ్వరం పట్టుకుని మంచాన పడేసింది. మరిడయ్య మంచం పక్కన కూర్చుని, "నువ్వు లెగలేవు గదత్తా. సంద్రం నాలుగు రోజులనించీ పడుకునుంది. ఇలగెల్లి అలగ వచ్చీత్తాం" అన్నాడు. ఐదు తెప్పలు వెళ్ళాయి.

మధ్యాహ్నానికి సముద్రం లేచింది.

తెప్పలు దరికొచ్చాయి. గట్టు మీద గొడుగు లేదు. అవి అక్కడే ఆగిపోయాయి. ఆడవాళ్ళు రమ్మని చీరకొంగులు ఊపారు. రాలేదు. నూకాలు గట్టెక్కి కూర్చుంది. అది నూకాలని వాళ్ళకి తెలుసు, నూకాలికి లెక్క తెలియదనీ తెలుసు. రాలేదు. అలాగని ఆగే వీలూ లేదు. నీళ్ళలో నాని, దెబ్బ మీద దెబ్బ తిని కొబ్బరితాళ్ళు వదులవుతున్నాయి. ఒక తెప్ప దుంగ అప్పుడే సగం విడిపోయింది.

నూకాలు ఇంటికి పరిగెత్తుకొచ్చింది. తల్లి కళ్ళు మూసుకునే ఉంది గానీ చెవులు మూసుకోలేదు. "తెప్పలు వచ్చినాయి గదే. నన్ను గట్టెక్కించండి" అంది.

ముగ్గురు ఆడవాళ్ళు మంచం కోళ్ళు పట్టుకున్నారు. నాలుగో కోడు ఎవరు పట్టుకున్నారో తెలుసా? తవిటయ్య. అప్పటికి కర్ర లేనిదే నడవలేడు. కర్ర పడేసి పట్టుకున్నాడు. అలా నలుగురూ ఆమెని గట్టెక్కించారు. గట్టెక్కించడం అనే మాట కూడా మా దగ్గరదే, మీరు కావాలంటే నమ్మండి.

మంచం దింపగానే, "నిలబెట్టండి" అంది. నూకాలు వెనకనించి చంకల కింద చేతులు వేసి నిలబెట్టింది. ఎముకలు తప్ప ఒంట్లో బరువు లేదు. అంత దూరం నించీ మరిడయ్య గుర్తుపట్టాడు. ఐదు తెప్పల మీదా అందరూ కూలబడి తెడ్లు వెనక్కి వేశారు.

ఒకటి పెద్దది వచ్చింది. నూకాలు చేతుల్లో తల్లి వణికింది. రెండోది ఇంకా పెద్దది వచ్చింది. ఆమె మోకాళ్ళు రెండూ వంగిపోయాయి, తల పక్కకి వాలింది.

"అమ్మా, కూకోబెట్టీమంటావా?" అంది నూకాలు ఏడుస్తూ.

"వద్దే. నాను కూకుంటే ఆళ్ళు వచ్చీత్తారు. మూడోది ఇంకా రానేదు."

నూకాలు తల్లిని గుండెకి ఆనించుకుని బిగించి పట్టుకుంది. తవిటయ్య వచ్చి ఓ పక్క భుజం ఆనించాడు. ఎంతసేపో తెలియదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. అది వచ్చింది, విరిగింది, నురగ గట్టు మొదలు దాకా పాకి వెనక్కి పోయింది. అసిరమ్మ ఇంకా వింటోంది. ఆ తర్వాత సముద్రం ఊపిరి పీల్చింది.

"ఇప్పుడు" అంది అసిరమ్మ. కూర్చుంది.

ఐదు తెప్పలూ ఒక్క వరసలో వచ్చాయి. ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. మరిడయ్య తెప్పని ఇసుకలోకి లాగనైనా లాగలేదు, నీళ్ళు కారుతున్న ఒంటితో గట్టు మీదికి పరిగెత్తాడు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అత్తా, గట్టెక్కీసినాం" అన్నాడు.

అంతవరకూ అందరూ ఆమె గట్టెక్కింది అనేవాళ్ళు. మేం గట్టెక్కాం అని ఆవేళే ఓ మనిషి మొదటిసారి అన్నాడు. ఆ మాట ఆమె వినలేదు. కళ్ళు సముద్రం వైపే ఉన్నాయి, చెయ్యి కూతురి చేతిలోనే ఉంది, ప్రాణం లేదు.

ఇదంతా జరిగి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. తెప్పలు పోయి పడవలొచ్చాయి, పడవలకి ఇంజన్లొచ్చాయి. అయినా మా పేటవాడు ఎవడూ నీళ్ళ మీద ఉండగా వచ్చీసినాం అనడు. దిగిన ప్రతివాడూ తడికాళ్ళతో ముందు గట్టెక్కి, ఒకసారి కూర్చుని, గట్టెక్కీసినాం అంటాడు. ఆ మాట చెవిన పడ్డాకే పెళ్ళాం చేపల సంగతి అడుగుతుంది.

ఇంకొకటి కూడా ఉంది. మా పేటలో ఏ ఆడమనిషికైనా మొగుడు పోతే, పదకొండో రోజు పొద్దువాలే వేళ ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆమె ఇంటికి వెళ్తారు. ఆమె రానంటుంది. ఎవరైనా మొదట రాననే అంటారు. చెయ్యి పట్టుకుని గట్టు దాకా నడిపిస్తారు. అక్కడ ఆమె పాత భయంతో గట్టు వెనకే ఆగిపోతే, అందరికన్నా పెద్దావిడ ముందు ఎక్కి, వెనక్కి తిరిగి చెయ్యిస్తుంది. "ఎక్కమ్మా, పడవలొచ్చే వేళయింది" అంటుంది. ఆమె ఎక్కుతుంది. సముద్రానికి ఎదురుగా వాళ్ళ మధ్య కూర్చుంటుంది. పడవల మీద మగాళ్ళు ఆమెని చూసి, ధైర్యంగా వస్తారు.